వసంతంలో పెరటి తోట: ఒక చిన్న మడితో మొదలుపెట్టండి, అదనూ పదునూ చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. ఈ వసంతంలో అందులో పూలూ కూరగాయలూ వేద్దామనుకుంటున్నారు. రెండూ ఒకేచోట పెట్టొచ్చా, ఏది ఎప్పుడు నాటాలి, పోయినేడాది చలి తగ్గీ తగ్గకముందే నాటిన టమాటా నారు నెలంతా ఎందుకు ఎదగలేదు, మిగిలిపోయిన పాత విత్తనాలు ఈసారి పనికొస్తాయా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్తాను. ఈ ఏడాది జాగా అంతా తవ్వకండి. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉండే ఒక్క మడి చేసి, పూలూ కూరగాయలూ అందులోనే కలిపి పెట్టండి. పాలకూర, ముల్లంగి, బఠాణీ లాంటివి చలి ఉండగానే విత్తుకోవచ్చు. టమాటా, మిరప, వంగ, బెండ, దోస మాత్రం మట్టి వెచ్చబడేదాకా ఆపండి. మీ టమాటా గిడసబారిపోయింది చల్లటి మట్టి వల్లే. ఆకుల అడుగున ఊదారంగు వచ్చిందని రాశారు కదా, అదే గుర్తు. మట్టి చల్లగా ఉంటే వేళ్లు భాస్వరాన్ని సరిగ్గా పీల్చుకోలేవు. పోషకం తక్కువైందేమోనని మరికాస్త ఎరువు వేశానన్నారు. మట్టిలో భాస్వరం ఉన్నా అందుకునే ఓపిక ఆ వేళ్లకు అప్పటికి లేదు.

ఇక వివరాలు. నేను పెరటి తోట పెంచడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. వ్యవసాయం చేసేవాళ్లు అదను, పదును అని రెండు మాటలు వాడతారు. అదను అంటే సరైన వేళ. పదును అంటే మట్టిలో పనికి తగినంత చెమ్మ. వసంతంలో మొక్కలు పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను ముందు అడిగేది ఈ రెండింటి గురించే. పురుగులు, తెగుళ్లు, మందులు అన్నీ ఆ తర్వాత.

ఏదైనా కొనకముందు ఎండ ఎక్కడ పడుతుందో చూడండి

ఒక సెలవు రోజున ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా రెండు గంటలకోసారి పెరట్లోకి వెళ్లి, నీడ అంచు ఎక్కడుంటే అక్కడ ఒక పుల్ల గుచ్చండి. సాయంత్రానికి ఆ పుల్లలే మీకు తోట పటం గీసిపెడతాయి. కాయ కాసే మొక్కలన్నిటికీ రోజుకు 6 నుంచి 8 గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఆకుకూరలు 4 గంటలతో సర్దుకుంటాయి. బంతి, జినియా, కాస్మోస్, పొద్దుతిరుగుడు కూడా ఎండ మొక్కలే. నీడలో బతుకుతాయి గానీ, సాగి పడిపోతాయి, పూలు తక్కువ.

ఒక జాగ్రత్త. ఆకు రాల్చే చెట్టు పక్కనే ఉంటే ఇప్పుడు కనిపించే ఎండను నమ్మకండి. నా ఆరో ఏడాదిలో ఇలాగే దెబ్బతిన్నాను. మోడు కొమ్మల కింద బోలెడంత వెలుతురు ఉందని మడి అక్కడే చేశాను. టమాటాలు పూతకొచ్చే వేళకు చెట్టు నిండా ఆకు వచ్చేసింది. మొక్కలు ఆరడుగులు పెరిగాయి, కాయలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ మడిని ఆ తర్వాత ఆకుకూరలకే వదిలేశాను. అక్కడ అవి హాయిగా ఉన్నాయి.

పదును: పిడికిలి పరీక్ష

వసంతం రాగానే పార పట్టుకోవాలని చేతులు ఉవ్విళ్లూరతాయి. ఆ ఉత్సాహం నాకు ఇప్పటికీ ఉంది. అయినా ముందు నాలుగంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. పిడికిలి తెరిచాక ముద్ద అలాగే నిలబడి, బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోతే పదును కుదిరినట్టు. నొక్కినప్పుడు విరగకుండా వేలి గుర్తు మాత్రమే పడితే ఇంకా తడి ఎక్కువ, ఆగాలి. అసలు ముద్దే కట్టకపోతే మరీ పొడిగా ఉంది, ముందు రోజు తడిపి తవ్వాలి.

తడి బంకమట్టిని తవ్వితే ఏమవుతుందో ఒకసారి చూస్తే మరిచిపోరు. వాన వెలిసిన మర్నాడే తవ్విన ఒక మడిలో పెళ్లలు ఎండి రాళ్లలా తయారయ్యాయి. ఆ వేసవంతా వాటిని సుత్తితో కొట్టినా లోపల వేరు దిగలేదు. మట్టి రేణువుల మధ్య గాలి ఆడే సందులు నలిగి మూసుకుపోతే మళ్లీ గుల్లబారడానికి ఒక్క ఏడాది సరిపోదు. నాలుగు రోజులు ఆగితే పోయేదేమీ లేదు. మడి తయారయ్యాక దాని మీద కాలు కూడా పెట్టకండి. 4 అడుగుల వెడల్పు చాలని చెప్పింది అందుకే. రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్య దాకా అందుతుంది.

నీరు ఇంకుతుందో లేదో కూడా చూసుకోండి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. అది ఇంకిపోయాక మళ్లీ నింపి స్కేలు పెట్టి చూడండి. గంటకు ఒక అంగుళమైనా దిగితే ఫరవాలేదు. దిగకపోతే ఆ చోట తవ్వే బదులు చుట్టూ పలకలు కట్టి, మట్టి పోసి, 10 అంగుళాల ఎత్తు మడి చేసుకోవడం మేలు.

ఎరువు విషయం. బాగా చివికిన కంపోస్ట్ 2 అంగుళాల మందాన పరిచి, పై ఆరేడు అంగుళాల మట్టిలో కలపండి. మీ మడికి సుమారు 150 లీటర్లు పడుతుంది. చేత్తో తీసుకుంటే అది మట్టి వాసన రావాలి. ఘాటు వాసన వచ్చినా, పట్టుకుంటే వెచ్చగా తగిలినా ఇంకా చివకలేదు. పచ్చి పశువుల ఎరువు నాటే ముందు అసలు వేయకండి. లేత వేళ్లు మాడిపోతాయి. పైగా పచ్చిగా తినే ఆకులకూ దుంపలకూ దానిలోని సూక్ష్మజీవులు అంటే ప్రమాదం ఉంది. రంపపు పొట్టు, ఎండుగడ్డి లాంటివీ మట్టిలో కలపొద్దు. అవి చివికేటప్పుడు మట్టిలో ఉన్న నత్రజనినే వాడుకుంటాయి, మొక్కలు పసుపు రంగుకు తిరిగి పాలిపోతాయి. వాటిని పైన పరచుకోవచ్చు.

మిగిలిన జాగా ఖాళీగా వదిలితే కలుపు పెరిగిపోతుందని టెన్షన్ పడకండి. అట్టపెట్టెలు విప్పి, టేపులు పీకేసి, అంచులు ఒకదాని మీదకి ఒకటి వచ్చేలా పరిచి, తడిపి, పైన నాలుగంగుళాల ఎండుటాకులు వేయండి. వచ్చే వసంతానికి కింద గడ్డి చచ్చి, మట్టి మెత్తబడి ఉంటుంది. తవ్వే పని సగం తప్పుతుంది.

అదను: మట్టిని అడగండి

మట్టిలో గుచ్చి వేడి చూసే పుల్లలాంటి థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. తోటకని నేను పెట్టిన ఖర్చుల్లో బాగా పనికొచ్చింది అదే. ఉదయం పూట, రెండు నుంచి నాలుగు అంగుళాల లోతులో, వరసగా మూడు రోజులు చూసి ఆ అంకెను నమ్మండి. మధ్యాహ్నం చూస్తే పైపైన వెచ్చబడిన మట్టి మోసం చేస్తుంది.

పాలకూర, లెట్యూస్, ముల్లంగి, బఠాణీ 5 నుంచి 7 డిగ్రీల మట్టిలోనే నెమ్మదిగా మొలుస్తాయి. బీన్స్‌కు 15 దాటాలి. అంతకన్నా చల్లటి తడి మట్టిలో వేస్తే గింజ మొలవకముందే కుళ్లుతుంది. టమాటా నారుకు కూడా కనీసం 15 ఉండాలి. మిరప, వంగ, బెండ, దోసలకు 18 నుంచి 20 వచ్చాక చూసుకోండి. రాత్రి చలి 10 డిగ్రీల లోపుకు దిగుతున్నంత కాలం ఇవి బతికినా ముందుకు సాగవు. ఒకసారి కావాలనే ఒకే ట్రేలోని టమాటా నారు సగం ముందు, మిగతా సగం మూడు వారాల తర్వాత నాటి చూశాను. వెనక నాటినవే ముందు కాయ ఇచ్చాయి. చలికి కుంగిపోయిన మొక్క తేరుకునేలోగా వెచ్చటి మట్టిలో దిగిన మొక్క దాన్ని దాటిపోయింది.

చలికాలంలో మంచు గడ్డకట్టే చోట్ల ఆఖరి గడ్డమంచు రాత్రి ఎప్పుడు పడుతుందో తెలుసుకుని, ఇంకో వారం పది రోజులు కలుపుకోండి. గడ్డమంచు పడని చోట్ల లెక్క తిరగబడుతుంది. అక్కడ వెనక తరుముకొచ్చేది ఎండ. పగలు 35 డిగ్రీలు దాటితే, రాత్రులు కూడా వెచ్చగా ఉంటే టమాటా పూత రాలిపోతుంది. పుప్పొడి పనిచేయదు, పిందె కట్టదు. కాబట్టి అలాంటి చోట మట్టి వెచ్చబడ్డ మొదటి వారంలోనే నారు నాటేసి, ఎండలు ముదిరేలోగా పిందె పడేలా చూసుకోవాలి. మీది ఏ రకం వాతావరణమో మీకే తెలుస్తుంది. మీ నారు నెలంతా ఊదారంగులో నిలబడిపోయిందంటే మాత్రం మీ వైపు చలి ఆలస్యంగానే వదులుతుందని నా అంచనా.

నారు పోసుకుంటే

నారు మీరే పోసుకునేట్టయితే టమాటా నాటే రోజుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, మిరప, వంగ ఎనిమిది నుంచి పది వారాల ముందు విత్తాలి. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. లెట్యూస్ గింజకు వెలుతురు తగలాలి, పైన చల్లి అలా అదిమితే సరి.

ఈ దశలో నారుకుళ్లు తెగులు వస్తుంది. రాత్రి నిటారుగా ఉన్న మొలక పొద్దున్నకు పక్కకు వాలి ఉంటుంది. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. దగ్గరగా చూడండి, మట్టికి ఆనుకున్న చోట కాడ నీళ్లు పట్టినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి ఉంటుంది. అలా వాలిన మొలకను బతికించే మందు లేదు. రాకుండా చూసుకోవడం ఒక్కటే దారి. కడిగిన ట్రేలు, కొత్త కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మిశ్రమం వాడండి, గింజలు పలచగా వేయండి, నీళ్లు ట్రే అడుగు నుంచి పట్టించండి, గాలి ఆడనివ్వండి. పై మట్టి ఆరేదాకా మళ్లీ నీళ్లు పోయకండి.

ఇంట్లో పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లబారి మాడతాయి. మొదటి రోజు గంటసేపు నీడలో, ఆ తర్వాత రోజుకో గంట పెంచుతూ, వారం పది రోజుల్లో పూర్తి ఎండకు అలవాటు చేయండి. నాటేది సాయంత్రం పూట, లేదా మబ్బు పట్టిన రోజు. టమాటాను కింది ఆకులు తీసేసి, కాడ సగం దాకా పాతిపెట్టొచ్చు, ఆ కాడ నిండా కొత్త వేళ్లు వస్తాయి. మిరప, వంగ మాత్రం ట్రేలో ఎంత లోతున ఉన్నాయో అంతే లోతు. క్యారెట్, ముల్లంగి, బీన్స్ మడిలోనే నేరుగా విత్తండి. దుంపకు వేరు కదిలితే వంకర తిరుగుతుంది.

పూలూ కూరగాయలూ కలిపి పెట్టడం

పెట్టొచ్చు. పెట్టాలి కూడా. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే పూలను అందరూ అలంకారం లెక్కలో వేసి చివరికి వదిలేస్తారు.

గుమ్మడి, దోస, సొర, బీర లాంటి పాదులకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. పుప్పొడి అందకపోతే ఆ పిందె రెండు మూడు రోజుల్లో పసుపు పచ్చబడి, ముడుచుకుని రాలిపోతుంది. "మొదట వచ్చిన పూలన్నీ రాలిపోతున్నాయి" అని చాలామంది కంగారుపడతారు. మొదట వచ్చేవి సాధారణంగా మగపూలే, అవి రాలడం సహజం. ఆడపూలు వచ్చాక కూడా పిందెలు రాలుతుంటే తేనెటీగలు రావడం లేదని అర్థం. నా తోటలో కూరగాయలు మాత్రమే వేసిన రెండేళ్లు ఇదే అవస్థ. రోజూ పొద్దున్నే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో అద్దేదాన్ని. మూడో ఏడాది దోస పందిరి కింద జినియా, కాస్మోస్ వేశాను. అవి పూసిన వారానికే ఉదయం ఏడు గంటలకు అక్కడ నిలబడితే తేనెటీగల రొద వినిపించేది. చేత్తో అద్దే పని ఆ ఏడాదితో తప్పింది.

గుమ్మడి, దోస పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. గుమ్మడి పువ్వయితే మధ్యాహ్నానికే ముడుచుకుపోతుంది. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి. చేత్తో అద్దాల్సి వస్తే ఆ వేళ చూసుకోండి.

రెండో లాభం పేనుబంక విషయంలో, అంటే లేత చిగుళ్లకు గుంపులుగా పట్టి రసం పీల్చే చిన్న పురుగుల విషయంలో. తేనెటీగలా కనిపించే సన్నటి సిర్ఫిడ్ ఈగ పూలలోని తేనె తాగడానికి వచ్చి, పేనుబంక ఉన్న చిగుళ్ల దగ్గర గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగులు పేనుబంకను తింటాయి. రెక్కల మీద చుక్కలుండే గుండ్రటి అక్షింతల పురుగులూ అంతే. కాబట్టి మొదటి పేనుబంక కనిపించగానే మందు కొట్టకండి. నీళ్ల ధారతో కడిగేసి వారం ఆగండి. మందు కొడితే మేలు చేసేవే ముందు చస్తాయి, పేనుబంక మళ్లీ త్వరగా పుంజుకుంటుంది.

బంతి గురించి ఒక మాట సరిచేయాలి. రెండు బంతి మొక్కలు పెడితే పురుగులన్నీ పారిపోతాయని చెప్తుంటారు. బంతి వేళ్లలో ఉండే పదార్థం వేరు బుడిపెలు తెచ్చే నులిపురుగులను అణిచే మాట నిజమే. అయితే ఆ ఫలితం బంతిని మడి నిండా దట్టంగా, ఒక పంటకాలమంతా పెంచినప్పుడే గట్టిగా కనిపిస్తుంది. అక్కడొకటి ఇక్కడొకటి పెట్టిన బంతి పూలిస్తుంది, తేనెటీగలను పిలుస్తుంది. దానికదే చాలు.

బంతి, జినియా అరడుగు ఎత్తు వచ్చాక కొస చిగురు తుంచేయండి. మొదటి పువ్వు పది రోజులు ఆలస్యమవుతుంది గానీ కొమ్మలు రెట్టింపవుతాయి. వాడిన పూలను ఎప్పటికప్పుడు కోసేస్తే మొక్క గింజ కట్టే పని మాని మళ్లీ మొగ్గ వేస్తుంది. పూల మొక్కలకు నత్రజని ఎరువు ఎక్కువ వేయకండి, ఆకు ముదురుపచ్చగా గుబురుగా పెరిగి పూత తగ్గిపోతుంది. టమాటాకూ ఇదే వర్తిస్తుంది.

మీ మడికి నేను వేసే అమరిక

మీరు ఉత్తరార్ధగోళంలో ఉంటే పొడవైనవి ఉత్తరం వైపు ఉండాలి, వాటి నీడ మిగతావాటి మీద పడదు. ఆ 8 అడుగుల వరసలో రెండేసి అడుగుల దూరంలో మూడు టమాటాలు, చివర పందిరికి ఒక దోస పాదు. మధ్య వరసలో అడుగున్నర దూరంలో మూడు మిరప, మిగిలిన చోట అరడుగు ఎడంతో పొట్టి రకం బీన్స్. ముందు వరసలో పాలకూర, ముల్లంగి. నాలుగు మూలలా బంతి, దోస పందిరి పక్కన రెండు జినియాలు. ముల్లంగి నెలలో చేతికొస్తుంది, ఆ ఖాళీలో మరో విడత పూలు వేసుకోవచ్చు.

నాటిన రోజు ఈ దూరాలు చూస్తే మడి బోసిగా అనిపిస్తుంది. మధ్యలో ఇంకో మొక్క ఇరికించాలనిపిస్తుంది. వద్దు. ఆరు వారాలకు చెయ్యి పెట్టడానికి సందు ఉండదు, ఇరుకైతే గాలి ఆడక ఆకుమచ్చ వస్తుంది. టమాటాకు ఊతకర్ర కూడా నాటిన రోజే పాతండి. తర్వాత పాతితే వేళ్లు తెగుతాయి.

వచ్చే ఏడాది మిరప, వంగ, టమాటా, ఆలుగడ్డ ఇదే చోట వేయకండి. నాలుగూ ఒకే కుటుంబం, ఒకదాని తెగులు మట్టిలో ఉండిపోయి ఇంకోదానికి అంటుకుంటుంది. మడులు మార్చుకుంటూ పోవడానికే మిగతా జాగా అట్టల కింద సిద్ధం చేయమన్నాను.

నీళ్లు

వారానికి ఒక అంగుళం నీరు అన్నది మామూలు లెక్క, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు. మీ మడి సుమారు 3 చదరపు మీటర్లు, వారానికి 75 లీటర్లు. వాన పడితే అంత తగ్గించండి, ఎండలు ముదిరితే పెంచండి. రోజూ కాస్త చిలకరించే కన్నా రెండు మూడు సార్లు లోతుగా పట్టించడం మంచిది, వేళ్లు కిందికి దిగుతాయి. కొత్తగా విత్తిన వరసలు, నాటి వారం కూడా కాని నారు దీనికి మినహాయింపు, వాటికి పైతడి ఆరకూడదు. టమాటా కాయ అడుగున నల్లగా తోలులా మచ్చ వస్తే సున్నం పోయడానికి పరిగెత్తకండి. చాలాసార్లు కాల్షియం మట్టిలో ఉంటుంది, నీళ్లు ఒకరోజు మునిగేటట్టు, నాలుగు రోజులు ఎండేటట్టు పోయడం వల్ల అది కాయ దాకా చేరదు. మట్టి వెచ్చబడ్డాక రెండంగుళాల ఎండుటాకులు పరచండి, కాడకు ఆనకుండా. ముందే పరిస్తే మట్టి చల్లగానే ఉండిపోతుంది.

పాత విత్తనాలు

పొడిగా, చల్లగా దాచి ఉంటే టమాటా నాలుగేళ్ల దాకా, బీన్స్ మూడేళ్ల దాకా బాగానే మొలుస్తాయి. ఉల్లి గింజ మాత్రం ఏడాది దాటితే నమ్మలేం, కొత్తది తెచ్చుకోండి. మీ దగ్గరున్న ప్రతి పొట్లం నుంచీ పది గింజలు తీసి, తడిపి పిండిన గుడ్డలో మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి వెచ్చటి చోట ఉంచండి. ముల్లంగి మూడు నాలుగు రోజుల్లో, టమాటా వారం పది రోజుల్లో, మిరప రెండు వారాల్లో తెలిసిపోతుంది. ఎనిమిది, ఆ పైన మొలిస్తే మామూలుగా వేయండి. ఐదు నుంచి ఏడు దాకా మొలిస్తే రెట్టింపు గింజలు వేయండి. అంతకన్నా తక్కువైతే ఆ పొట్లం పక్కన పెట్టేయండి. గుడ్డలో మొలిచిన వాటిని పారేయొద్దు, వేరు విరగకుండా మెల్లగా తీసి కప్పుల్లో నాటుకోండి.